గుంట తవ్వకముందే పిలవాల్సిన మనిషి

(గోదావరి డెల్టాలో ఇల్లు కట్టుకోబోతున్నవారి కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, లెక్కలు కొన్ని బోర్డు మీద వేయాల్సి ఉంటుంది.

మన గోదావరి జిల్లాల్లో ఇల్లు మొదలుపెట్టేటప్పుడు తప్పకుండా వినిపించే మాట ఒకటుంది. "మేస్త్రి గారూ, పక్కింటికి ఎలా వేశారో మాకూ అలాగే వేసెయ్యండి." ముహూర్తానికి పంతులుగారు వస్తారు. వాకిలి ఎటు పెట్టాలో చూడ్డానికి వాస్తు తెలిసినాయన వస్తారు. నాలుగు మూలలా తాళ్లు కట్టి ముగ్గు పోస్తారు. ఆ మర్నాడే గుంటలు మొదలు. మట్టి కింద ఏముందో చూసి చెప్పే మనిషిని, అంటే స్ట్రక్చరల్ ఇంజనీరును, మాత్రం ఎవరూ పిలవరు. ఆ మనిషి గురించే ఇవాళ మాట్లాడతాను.

"పక్కింటికి వేసినట్టే" అన్న మాట రాతినేల ఉన్న ఊళ్లో కొంతవరకు చెల్లుతుందేమో. డెల్టాలో చెల్లదండీ. మన నేల గోదావరి తెచ్చి పోసింది. ధవళేశ్వరం దిగువన నది గౌతమిగా, వశిష్ఠగా చీలింది, వశిష్ఠలోంచి వైనతేయ విడిపోయింది. ఈ పాయలు వేల ఏళ్లపాటు దారులు మార్చుకుంటూ వచ్చాయి. పాత పాయ పూడిన చోట మెత్తటి ఒండ్రు ఉంటుంది. ఒకప్పటి సముద్రపు ఒడ్డు ఉన్న చోట ఇసుక దిబ్బ ఉంటుంది. రెండు దిబ్బల మధ్య పల్లంలో నల్లటి జిగటమట్టి. పైన చూస్తే అంతా ఒకే కొబ్బరితోట, ఒకే వరిచేను. కింద మాత్రం వంద గజాల్లో నేల మారిపోతుంది. పక్కింటాయన ఇల్లు దిబ్బ మీద, మీ ఇల్లు పూడిన పాయ మీద ఉండొచ్చు. ఆ ఇల్లు ముప్ఫై ఏళ్లు చెక్కుచెదరకుండా నిలబడిందంటే, మీ స్థలం గురించి అది చెప్పే సాక్ష్యం ఏమీ లేదు.

ఇక లెక్కలోకి వద్దాం. కింద ఒక వాటా, పైన ఒక వాటా. పిల్లర్లు 12 అడుగులకొకటి. మధ్య పిల్లరు మీదకు ఒక్కో అంతస్తు నుంచి 12 అడుగులు బై 12 అడుగుల మేర బరువు దిగుతుంది. అంటే 13 చదరపు మీటర్ల పైచిలుకు. శ్లాబు, గోడలు, టైల్సు, మనుషులు, సామాను అన్నీ కలిపి చదరపు మీటరుకు 1.35 టన్నులు వేసుకున్నా, రెండంతస్తులకు 36 టన్నులు ఆ ఒక్క పిల్లరు దించుతుంది. మామూలుగా మనవాళ్లు వేసే ఫుటింగు, అంటే పిల్లరు కింది పునాది దిమ్మ, నాలుగడుగులు బై నాలుగడుగులు. దాని విస్తీర్ణం దాదాపు ఒకటిన్నర చదరపు మీటర్లు. 36ని ఒకటిన్నరతో భాగిస్తే చదరపు మీటరు మట్టి మీద 24 టన్నులు పడుతున్నాయి. గట్టి మొరం నేల అయితే తట్టుకుంటుంది. మన మెత్తటి బంకమట్టి చాలాచోట్ల చదరపు మీటరుకు 5 టన్నుల దగ్గరే ఆగిపోతుంది. 5 టన్నుల నేలకి ఆ పిల్లరు కింద కావలసింది ఏడు చదరపు మీటర్ల పైన, అంటే తొమ్మిదడుగులు బై తొమ్మిదడుగుల ఫుటింగు. పిల్లర్లు 12 అడుగుల దూరంలో ఉంటే, తొమ్మిదడుగుల ఫుటింగుల మధ్య మిగిలేది మూడడుగులే. అలాంటప్పుడు విడివిడి ఫుటింగులు మానేసి మొత్తం ఇంటి కింద ఒకే రాఫ్ట్, అంటే కాంక్రీటు పలక, వేయడమా, లోతుకు పైల్స్, అంటే కాంక్రీటు స్తంభాలు, దించడమా అన్నది ఆలోచించాలి. ఈ నిర్ణయం కంటిచూపుతో తీసుకునేది కాదు. కాలితో తొక్కి "గట్టిగానే ఉందండీ" అంటే ఆ మాట పైనున్న అడుగు మట్టికి మాత్రమే వర్తిస్తుంది.

మట్టి పరీక్ష అంటే ఏం చేస్తారో చాలామందికి తెలీదు, కాబట్టి చెబుతాను. బోరు వేసుకుంటూ దిగుతారు. మీటరున్నరకోసారి ఆగి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదులుతూ ఒక గొట్టాన్ని 45 సెంటీమీటర్లు దింపుతారు. మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, మిగతా 30 దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాస్తారు. ఆ అంకెనే ఎన్ విలువ అంటారు. నాలుగు దెబ్బలకంటే తక్కువకే దిగిపోయిందంటే అది మెత్తటి బంకమట్టి. ఆ గొట్టంలో వచ్చిన మట్టినీ, చెదరకుండా వేరే గొట్టంతో తీసిన మట్టినీ ల్యాబుకు పంపి, నీళ్లు తగిలితే ఎంత ఉబ్బుతుందో, ఎంత బరువుకు ఎంత కుంగుతుందో చూస్తారు. మన దగ్గర పైన గట్టిపొర, కింద మెత్తపొర రావడం మామూలు. అందుకే పైన ఒక ఇనుప పలక పెట్టి బరువు వేసి చూసే పరీక్ష ఒక్కటే మనకు చాలదు. ఆ పలక వెడల్పుకు రెండింతల లోతువరకే దాని ప్రభావం వెళ్తుంది. మీ ఫుటింగు వెడల్పు తొమ్మిదడుగులైతే దాని బరువు అంతకంటే చాలా లోతున మెత్తపొరను కూడా తడుతుంది. బోరు రిపోర్టే అడగండి. చిన్న ఇంటికి ఒక బోరు సరిపోవచ్చు. స్థలంలో ఒక మూల పాత చెరువో, పూడ్చిన బోదో ఉన్నట్టు ఊళ్లో పెద్దవాళ్లు చెబితే, ఆ మూల రెండోది వేయించండి.

ఇప్పుడు మెరక సంగతి. చేలల్లో ప్లాట్లు వేశాక రోడ్డు ఎత్తుకు రావాలని బుసకో మట్టో తోలించి మూడడుగులు లేపుతాం. ఆ మెరకని మనం ఖాళీ నేలగా చూస్తాం. అది కూడా బరువేనండీ. 200 గజాల స్థలంలో మూడడుగుల మట్టి పోస్తే సుమారు 260 టన్నులు. వెయ్యి చదరపు అడుగుల చొప్పున రెండంతస్తుల ఇల్లు కూడా దాదాపు అంతే తూగుతుంది. అంటే మీరు ఇల్లు మొదలుపెట్టకముందే ఒక ఇంటి బరువు ఆ మెత్తటి పొర మీద పెట్టేశారు. బంకమట్టిలో నీరు మెల్లగా బయటికి పోతుంది, కాబట్టి ఆ కుంగుదల నెలల్లో ఆగదు, ఏళ్లు పడుతుంది. ఫిబ్రవరిలో మెరక తోలి ఏప్రిల్లో ఇల్లు మొదలుపెట్టిన చోట, ఆ కుంగుదల అంతా ఇంటి మీదే పడుతుంది. తోలించేవాళ్లు ముందే తోలించండి. కనీసం ఒక వానాకాలం దాటనివ్వండి. వరి మొదళ్లు, పైన అడుగు చేనుమట్టి తీసేసి, పొరపొరగా పోసి నీళ్లు పెట్టి రోలరు తిప్పించండి. ఇంకొక్క మాట, ఫుటింగు ఎప్పుడూ మెరక మీద కూర్చోకూడదు. మెరక దాటి అసలు నేలలోకి దిగాలి.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు నల్లమట్టి ఉన్నవారికి ఇంకో చిక్కుంది. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. మనకు కాలవ నీళ్లున్న నెలల్లో నేల తడితో నిండి ఉంటుంది, ఎండాకాలం కాలవలు కట్టేశాక ఆరిపోతుంది. ఏటా ఒకసారి నేల ఊపిరి పీల్చి వదిలినట్టు కదులుతుంది. మన దేశపు నల్లరేగడిలో ఈ కదలిక దాదాపు మూడున్నర మీటర్ల లోతువరకు ఉంటుంది. అందుకే అలాంటి నేలలో కింద బల్బులా వెడల్పు చేసిన పైల్సు, అండర్ రీమ్‌డ్ పైల్సు అంటారు, మూడున్నర మీటర్లకు తగ్గకుండా దించుతారు. కాండం 30 సెంటీమీటర్లయితే బల్బు 75 సెంటీమీటర్లు. వాటి తలలు కలుపుతూ బెల్టు బీము వేసేటప్పుడు బీము అడుగుకీ మట్టికీ మధ్య కనీసం 80 ఎం.ఎం., అంటే మూడంగుళాల పైన ఖాళీ వదలాలి. మట్టి ఉబ్బి బీమును పైకి తన్నకుండా ఆ ఖాళీ. చాలా ఇళ్లలో పైల్స్ బాగానే వేస్తారు. బీము మాత్రం నేల మీదే పోసేస్తారు. దాంతో వేసిన పైల్స్ వృథా.

ఇదే పద్ధతి అమలాపురం పక్క ఇసుక నేలకో, నీళ్లున్న మెత్తటి ఒండ్రుకో పనికిరాదు. అక్కడ బల్బు తవ్వితే గోడలు కూలిపోతాయి. "అండర్ రీమ్ వేయించాం, ఇక భయం లేదు" అని అందరూ ఒకే మందు పట్టుకు తిరగకూడదు. ఏ నేలకి ఏది అన్నది చెప్పేవాడే స్ట్రక్చరల్ ఇంజనీరు.

ఇక్కడ మేస్త్రి గారి గురించి ఒక మాట చెప్పాలి. నా మాటలు మేస్త్రి గారిని తక్కువ చేస్తున్నట్టు అనుకోవద్దు. గోడ నిలువు, ఇటుక కట్టు, ప్లాస్టరింగు నునుపు, సెంట్రింగు లెవెలు, ఇవన్నీ చేతిలో ఉండే విద్యలు. ఏ కాలేజీలోనూ రావు. మంచి మేస్త్రి దొరకడం ఇంటికి అదృష్టమే. కానీ 36 టన్నుల లెక్క వేయమని ఆయన్ని అడగడం అన్యాయం. మనమే అడిగి, మనమే ఆయన మీద బాధ్యత పెట్టి, పగులు వచ్చాక మనమే తిడతాం. ఆయనకి కాగితం మీద డ్రాయింగు ఇవ్వండి. ఫుటింగు కొలత, లోతు, చువ్వల సైజు, దూరం, రింగుల దూరం అంతా అందులో ఉంటే, దాన్ని ఇంజనీరుకంటే చక్కగా చేసి చూపిస్తారు.

డ్రాయింగు అన్నాను కదా, ఇక్కడ చాలామంది పొరబడతారు. పంచాయతీ దగ్గరో మున్సిపాలిటీ దగ్గరో అనుమతికి పెట్టే ప్లాను ఉంటుంది. గదులు, సెట్‌బ్యాకులు, ఎత్తు చూపిస్తుంది. దాని మీద లైసెన్సున్నవారి సంతకం ఉంటుంది. దాన్ని చూసి "ఇంజనీరు సంతకం పెట్టారు కదా" అని ధీమాగా ఉంటారు. ఆ కాగితంలో చువ్వ ఒక్కటీ లేదండీ. స్ట్రక్చరల్ డ్రాయింగులు వేరు. పిల్లర్లు ఎక్కడెక్కడ అన్న లేఅవుటు, ఫుటింగుల పట్టిక, పిల్లర్ల పట్టిక, బెల్టు బీము, పై బీములు, శ్లాబు చువ్వలు, మెట్లు, సంపు. రెండంతస్తుల ఇంటికి ఇవన్నీ ఉండాలి. ఒక్కో దాని మీద కాంక్రీటు గ్రేడు, స్టీలు గ్రేడు, కవరు (అదేంటో తర్వాత చెబుతాను) రాసి ఉండాలి. పైన ఇంకెన్ని అంతస్తులకు లెక్కవేశారో కూడా రాయించుకోండి. రేపు కొడుకు పెళ్లికి పైన వాటా వేయాలనుకున్నప్పుడు ఆ ఒక్క ముక్క ఎంత అవసరమో అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు నీళ్లు. దీని మీద కొంచెం ఎక్కువసేపు చెబుతాను. మన డెల్టాలో కాంక్రీటు చచ్చిపోయేది నీళ్లతోనే.

ఇళ్ల పని జోరుగా సాగేది ఎండాకాలం. చేలల్లో పని ఉండదు, వానలుండవు, కూలీలు దొరుకుతారు. సరిగ్గా అప్పుడే కాలవలు కట్టేస్తారు. మంచి నీళ్లు లేవు కాబట్టి బోరు నీళ్లతో శ్లాబు పోసేస్తారు. సముద్రానికి దగ్గర ఊళ్లలో, రొయ్యల చెరువుల పక్కన ఆ బోరు నీళ్లలో ఉప్పుంటుంది. చువ్వలున్న కాంక్రీటుకు వాడే నీళ్లలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండకూడదని కాంక్రీటు పనికి మన దేశం పెట్టుకున్న కోడు ఐ.ఎస్. 456 చెబుతుంది. నాలుక మీద వేసుకుని ఆ తేడా పట్టలేరు. లీటరు సీసా కడిగి నింపి ల్యాబుకు పంపండి.  కాలవ కట్టకముందే డ్రమ్ముల్లోనో, టార్పాలిన్ వేసిన గుంటలోనో మంచి నీళ్లు నింపిపెట్టుకునేవారు తెలివైనవారు. లేదంటే ట్యాంకరు తెప్పించుకోవాలి. ఇసుక కూడా అంతే. నది మొగల దగ్గర, పోటు నీళ్లు ఎక్కే చోట తవ్విన ఇసుకలో ఉప్పు దిగి ఉంటుంది. సన్నగా, తెల్లగా బాగుందని మోసపోకండి.

ఉప్పు ఏం చేస్తుందంటే, సిమెంటు చువ్వ చుట్టూ కట్టిన రక్షణ పొరను తొలిచేస్తుంది. చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము తన అసలు పరిమాణానికి రెండింతల నుంచి ఆరింతల వరకు ఉబ్బుతుంది. లోపల్నుంచి తోసి కాంక్రీటును పగలగొడుతుంది. శ్లాబు అడుగున పెచ్చులూడి చువ్వలు బయటపడ్డ ఇళ్లు కోనసీమలో ఏ ఊళ్లో లేవు చెప్పండి. అవి పాతబడి ఊడినవి కాదు. కవరు లేక, ఉప్పునీళ్లు తాగి ఊడినవి.

కవరు అంటే చువ్వకీ, కాంక్రీటు బయటి ముఖానికీ మధ్య దూరం. ఫుటింగుకు 50 ఎం.ఎం., పిల్లరుకు 40 ఎం.ఎం. కనీసం. బీముకు మామూలు చోట 20 ఎం.ఎం. చాలు గానీ, ఉప్పుగాలి నేరుగా తగిలే తీరానికి 45 కావాలి. మనవాళ్లు కంకరరాయి ఒకటి చువ్వ కింద తోస్తారు. పోసేటప్పుడు ఎవరో తొక్కితే అది జారిపోతుంది, చువ్వ సెంట్రింగు రేకుకు ఆనుకుంటుంది. కవర్ బ్లాకులు కొనండి. చదరపు మీటరుకు నాలుగైదు పెట్టించండి.

కాంక్రీటు గ్రేడు సంగతి కూడా ఇక్కడే వస్తుంది. తట్టల లెక్కన పోసే కాంక్రీటు, అంటే సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు, ఎం20 గ్రేడు వరకే కోడు ఒప్పుకుంటుంది, ఎం తర్వాత అంకె పెరిగితే బలం ఎక్కువని అర్థం. అందులోనూ 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లకు మించి నీళ్లు పోయకూడదు. ఇసుక తడిగా ఉంటే దానిలో ఉన్న నీళ్లు కూడా ఆ 30లోనే కలుస్తాయి. పైగా తడి ఇసుక పొంగి పావువంతు ఎక్కువ చోటు తీసుకుంటుంది, కాబట్టి తట్ట కొలత కూడా తప్పుతుంది. సముద్రతీరానికి కోడు ఎం30 అడుగుతుంది, దానికి తట్టల లెక్క పనికిరాదు. మీ ఇసుక, మీ కంకర ల్యాబులో పరీక్షించి తూకం ప్రకారం మిక్స్ డిజైన్ చేయించాలి, లేదా రెడీమిక్స్ తెప్పించాలి. అంతర్వేది, మలికిపురం వైపు కట్టేవారు "రెండు బస్తాలు ఎక్కువ వేసేద్దాం" అని తేల్చేయకండి. నీళ్లు ఎక్కువైతే అదనపు సిమెంటు ఆ లోటు తీర్చదు.

శ్లాబు పోసే రోజు కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర ఏం జరుగుతుందో చూశారు కదా. గట్టిగా ఉంటే పైకి మొయ్యడం కష్టమని, ఎవరో ఒకరు పైపు పెట్టి నీళ్లు వదులుతారు. వాళ్లది తప్పనలేను, వాళ్లకి పని తేలిక కావాలి. ఆ పైపు ఆపే మనిషి అక్కడ ఉండాలి. ఆ రోజు ఇంజనీరు మిల్లరు పక్కనే ఉండాలి. వెయ్యి అడుగుల శ్లాబు, బీములు కలిపి 15 ఘనమీటర్ల కాంక్రీటు. కోడు ప్రకారం దీనికి రెండు నమూనాలు, ఒక్కో నమూనాకు మూడు క్యూబులు, మొత్తం ఆరు. 28 రోజులకు ల్యాబులో నొక్కి చూస్తారు. క్యూబులు పోయించే ఇళ్లు మన దగ్గర చాలా తక్కువ, అది మారాలి.

పోశాక క్యూరింగు. ఇప్పుడు దొరికేది ఎక్కువగా పి.పి.సి., అంటే బూడిద కలిపిన సిమెంటు, దానికి పది రోజులు తప్పనిసరి, పద్నాలుగు రోజులు మంచిది. శ్లాబు మీద వరిమడి కట్టినట్టు చిన్న గట్లు వేసి నీళ్లు నిలపండి. పిల్లర్లకు గోనెసంచులు చుట్టి తడపండి. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో చల్లితే వైశాఖం ఎండలో గంటలో ఆరిపోతుంది. క్యూరింగుకు కూడా ఉప్పు నీళ్లు వద్దు.

స్టీలు విషయంలో రెండు మూడు చోట్లే చూపిస్తాను. ఒకటి, బాల్కనీ, సన్‌షేడు. గోడ నుంచి బయటికి వేలాడే శ్లాబుకు అసలు చువ్వ పైన ఉండాలి. ఐదంగుళాల బాల్కనీ శ్లాబులో పైచువ్వ పోసేటప్పుడు తొక్కుడుకు రెండంగుళాలు కిందికి దిగితే, దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. కుర్చీలు, అంటే చువ్వతో వంచిన ఆసరాలు, దగ్గర దగ్గరగా పెట్టించాలి. రెండు, చువ్వల అతుకు. ఎం20 కాంక్రీటు బీములో 16 ఎం.ఎం. చువ్వ అతుకుకు మూడడుగులు కావాలి, అడుగున్నరతో సరిపెడతారు. అన్ని చువ్వలకీ ఒకే చోట అతుకు పెట్టకూడదు. మూడు, పిల్లరు రింగు. కొసలు లోపలికి, 135 డిగ్రీలకు వంచాలి. ఎల్ ఆకారంలో 90కి వంచి వదిలేస్తే భూమి కదిలినప్పుడు విప్పుకుంటుంది. మనకి భూకంపం రాదనుకునేవారికి చెప్పేది, 1969 ఏప్రిల్లో భద్రాచలం దగ్గర గోదావరి లోయలోనే వచ్చింది.

తుపాను గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, 1996 నవంబరు 6 ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. మన తీరానికి డిజైను గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. అంత గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి తెస్తుంది. డాబా మీద 20 బై 15 అడుగుల రేకుల షెడ్డు వేసుకున్నారనుకోండి. దాన్ని పైకి లాగే బలం నాలుగు టన్నులకు అటూ ఇటూ. పిట్టగోడలో నాలుగు పైపులు పాతి, రేకులకు హుక్కులు బిగించి వదిలేస్తే ఆ నాలుగు టన్నులను ఏది పట్టుకుంటుంది? షెడ్డు కాళ్లు శ్లాబు బీముల్లోకి బోల్టులతో దిగాలి. ఎన్ని బోల్టులు, ఎంత లోతు అన్నది మళ్లీ లెక్కే.

సంపు మాట కూడా ఇందులోనే చెప్పేస్తాను. శ్రావణ భాద్రపదాల్లో చాలా ఊళ్లలో అడుగు రెండడుగుల్లోనే నీళ్లు తగులుతాయి. రెండు మీటర్లు బై రెండు మీటర్లు, 1.8 మీటర్ల లోతు కాంక్రీటు సంపు ఖాళీగా ఉంటే, చుట్టూ నీళ్లు నేలమట్టానికి వచ్చినప్పుడు దాన్ని పైకి తోసే బలం ఏడు టన్నుల పైచిలుకు. ఐదంగుళాల గోడలతో దాని సొంత బరువు ఆరు టన్నులే. పడవలా లేస్తుంది, పైపులు తెగుతాయి. అడుగు శ్లాబును గోడల బయటికి అడుగు మేర పెంచి దాని మీద మట్టి పోస్తే ఆ బరువు పట్టి ఉంచుతుంది. వానాకాలం సంపును ఖాళీ చేసి కడగకండి. సెప్టిక్ ట్యాంకుకు కూడా ఇదే లెక్క. పైగా అది నీళ్లు కారకుండా ఉండాలి, తాగునీటి బోరుకు దూరంగా ఉండాలి.

అయితే ఎవరిని పిలవాలి, అర్హత ఉందని ఎలా తెలుస్తుంది? ఆర్కిటెక్టుకు 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ఉంది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరు కానివారు ఆ పేరు వాడకూడదు. రిజిస్ట్రేషను నంబరు అడిగి కౌన్సిల్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఇంజనీర్లకు అలా ఒకే చట్టం లేదు, స్థానిక సంస్థల లైసెన్సు, డిగ్రీ, చేసిన పని చూసుకోవాలి. డిప్లొమా చేసిన సైటు ఇంజనీరు కొలతలు, క్వాలిటీ చూడడానికి చాలా మంచివారు కావచ్చు. ఫౌండేషను డిజైను మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరు చేతే చేయించండి. ఒక చిన్న పరీక్ష చెబుతాను. మీ స్థలం మట్టి రిపోర్టు చూడకుండా "ఐదు బై ఐదు వేసెయ్యండి" అని ఫుటింగు కొలత చెప్పినవారు ఎంత పేరున్నవారైనా, ఆయన దగ్గర ఆగకండి.

ఒప్పందంలో సైటుకు రావాల్సిన రోజులు రాయించండి. గుంట అడుగు కనిపించినప్పుడు, అడుగున బెడ్డు వేయకముందు. ఫుటింగు జాలీ కట్టాక. బెల్టు బీముకు. ఒక్కో శ్లాబు చువ్వలు కట్టాక, పోసే రోజు, సెంట్రింగు విప్పే ముందు. ఆరేడుసార్లు. వచ్చిన ప్రతిసారీ ఒక పుస్తకంలో చూసింది, చెప్పింది రాసి సంతకం పెట్టాలి. ఆ పుస్తకం మీ ఇంట్లో ఉండాలి.

ఇక మీ ప్రశ్నలు. ముందు వరసలో అక్కయ్యగారు అడుగుతున్నారు, ఈ ఖర్చంతా ఎక్కడ్నుంచి తేవాలని. అమ్మా, మట్టి పరీక్ష, డిజైను, పర్యవేక్షణ కలిపినా మొత్తం ఇంటి ఖర్చులో చిన్న వంతే. కొన్నిచోట్ల డిజైను చేయిస్తే ఖర్చు తగ్గుతుంది కూడా. భయంతో ఎక్కడ పడితే అక్కడ 16 ఎం.ఎం. చువ్వలు వేస్తారు. మీటరు 16 ఎం.ఎం. చువ్వ 1.58 కిలోలు, 12 ఎం.ఎం. 0.89 కిలోలే. అక్కర్లేని చోట తగ్గించి, అవసరమైన ఫుటింగులో పెడతారు. డబ్బు తక్కువుంటే టైల్సు, ఫాల్స్ సీలింగు తర్వాత చేయించుకోవచ్చు. ఫుటింగు తర్వాత చేయించలేరు.

ఫ్లాటు కొనేవారి సంగతి అడిగారు ఒకరు. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, కింద రిజిస్టరైన ప్రాజెక్టులో స్ట్రక్చరల్ లోపం వస్తే, తాళాలిచ్చిన రోజు నుంచి ఐదేళ్లలోపు చెబితే బిల్డరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. కొనేముందే మట్టి రిపోర్టు కాపీ, స్ట్రక్చరల్ ఇంజనీరు పేరు అడగండి.

వెనక పెద్దాయన అడిగింది చాలామంది ప్రశ్న. ఇల్లు కట్టేశారు, గోడలకు పగుళ్లొచ్చాయి, ఇప్పుడేం చేయాలని. అయ్యా, ముందుగా సిమెంటు పూయకండి. పగులు రెండు కొసల దగ్గర పెన్సిలుతో అడ్డగీత పెట్టి తేదీ రాయండి. వెడల్పు ఎక్కడ ఎక్కువుందో అక్కడ స్కేలుతో కొలిచి రాయండి. నెలకోసారి అదే చోట కొలవండి, కాలవలు కట్టేసినప్పటి నుంచి వానలు దాటేదాకా. వానాకాలం పగులు మూసుకుని ఎండాకాలం తెరుచుకుంటుంటే నల్లమట్టి ఉబ్బు. ఎప్పుడూ ఒకే దిక్కుకు పెరుగుతూ, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకుతుంటే ఒక వైపు పునాది కుంగుతోంది. బీము కిందో పిల్లరుకో చువ్వ పొడుగునా పగిలి గోధుమరంగు మరక కారుతుంటే లోపల తుప్పు. మూడింటికీ మందు వేరు. మొదటిదానికి ఇంటి చుట్టూ నీళ్లు ఒకే తీరుగా ఉండేలా అప్రాన్ (గోడ చుట్టూ సిమెంటు చపటా), డ్రైను వేయడంతో చాలావరకు తగ్గొచ్చు. రెండోదానికి పునాది కిందికి వెళ్లాలి. మూడోదానికి చెడిన కాంక్రీటు తీసి, చువ్వ శుభ్రం చేసి, అవసరమైతే కొత్త చువ్వ కలిపి పోయాలి. మీ కొలతల కాగితం తీసుకుని ఇంజనీరు దగ్గరకు వెళ్లండి. ఆ కాగితం ఉంటే మీ ఇంటికి ఏ మందు కావాలో తేల్చడం ఆయనకు సగం తేలికవుతుంది.